రెండు వేళ్ల క్లచ్చు

ఆషాఢం మొదలైన మూడోనాడు మా వాకిట్లో నా బండికి బేరం జరిగింది. నన్నెవరూ అడగలేదు. నేను వంటింట్లో ఒంటిచేత్తో జొన్నపిండి పిసుకుతున్నాను. కిటికీలోంచి మాటలు వినపడుతున్నాయి.

"టైర్లు మంచిగనే ఉన్నయ్. ఆడామె నడిపిన బండి గదా, ఎక్కువ గుంజి ఉండది," అంటున్నాడు లచ్చయ్య.

ఆ గొంతు వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకెక్కిందో చెప్పాలి. నేను ఊరూరు తిరిగి పశువులకు సూదులేసే మనిషిని. తొమ్మిది ఊళ్లు, ఎనిమిదేళ్లు. ఆసిఫాబాద్ చుట్టుపక్కల ఎవరింట్లో ఆవు మేత ముట్టకపోయినా ముందు నాకే ఫోను చేస్తారు. ఏప్రిల్‌లో ఈ లచ్చయ్య బర్రెకు సూది వేయడానికే పోయాను. పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రంలో దాన్ని నిలబెట్టి, "మంచిగ కట్టిన నవతా, ఫికర్ చెయ్యకు," అన్నాడు. కట్టలేదు. బర్రె ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. దాని భుజానికీ ఇనుప కడ్డీకీ నడుమ నా ఎడమ చెయ్యి నలిగిపోయింది. ఆదిలాబాద్‌లో ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు నా మాట విన్నాయి. మిగతా రెండూ వినలేదు. నీళ్ల గ్లాసు పట్టుకున్నా జారిపోయేది.

నా చెయ్యి నలగ్గొట్టిన బర్రె ఎవరిదో, నా బండి కొనడానికొచ్చినవాడూ వాడే. పిండి చేత్తోనే బయటికి వచ్చాను.

"ఎవలినడిగి బేరం వెట్టినవ్?" అన్నాను మా ఆయన్ని.

రాంచందర్ తల గోక్కున్నాడు. "క్లచ్చు వట్టుకొస్తలేదు గదనే నీకు. మూలకుండి తుప్పు వట్టుడెందుకు?"

"పట్టుకొస్తదో లేదో నేను చెప్పాలె. నువ్వెవలు చెప్పెటందుకు?"

మా మామ అంతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. గోడతో అన్నాడు, "తిరిగి ఆడది చెడ్డది, తిరగక మొగోడు చెడ్డడు. పెద్దలు ఊకెనే అన్నరా."

మా ఇంట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు. ఆయనతో ఏదున్నా అత్తమ్మకు చెప్పినట్టు చెప్పాలి. ఆయన గోడకు చెప్పినట్టు చెప్తాడు. పదకొండేళ్లుగా ఇదే తంతు. నేను అత్తమ్మ పోశవ్వ వైపు తిరిగాను.

"అత్తమ్మా, తిరగక చెడ్డోడు పొద్దంత మంచం మీద పండుకొని ఫోను చూస్తడు. ముందుగాల ఆయనను తిరుగుమని చెప్పుమను."

లచ్చయ్య పళ్లికిలించాడు. నేను పిండి చేత్తో బండి తాళంచెవి లాక్కుని బొడ్లో దోపుకున్నాను. "బర్రెను కట్టుడు నేర్చుకో పో ముందుగాల, బండి తర్వాత కొందువు," అన్నాను. అతడు పోయాడు. కానీ రాంచందర్ అన్నదాంట్లో అబద్ధం లేదు. ముందురోజు ఎవరూ చూడకుండా వాకిట్లో క్లచ్చు పట్టి చూశాను. సగం కూడా రాలేదు.

పశువుల డాక్టరు సంతోష్‌రావు సారు మంచివాడే. ఆ మంచితనంతోనే గడువు పెట్టాడు.

"రెండు నెలలు ఆగిన నవతా. నీ ఊర్లల్ల పశువులకు దిక్కు లేదు. శ్రావణం ఎల్లినంక గాలికుంటు టీకాలు మొదలైతయ్. మొదటి క్యాంపు మొర్రిగూడల. గా పొద్దుగాల ఏడింటికి టీకాల డబ్బతోని అక్కడ ఉన్నవనుకో, తొమ్మిది ఊర్లు నీయే. లేకుంటే వేరేటోళ్లకు ఇస్త. నాకు ఇంకో తొవ్వ లేదు."

మొర్రిగూడ మా ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు. నడుమ రెండు చోట్ల వాగు దాటాలి, మిగతాదంతా రేగడి.

*

"స్కూటీ తీస్కోరాదు," అన్నాడు హనుమండ్లు. ఆసిఫాబాద్ బస్టాండు వెనక సందులో అతని మెకానిక్ దుకాణం. ఒళ్లంతా ఎముకలే, మాటలన్నీ విసుర్లే.

"గా చిన్న చక్రాలు రేగట్ల కూరుకపోతే ఎవలు లేపుతరు? నువ్వొస్తవా?"

అతడు నా చెయ్యి తీసుకుని చూశాడు. డాక్టరు చూసినట్టు కాదు, పాత సామాను చూసినట్టు తిప్పి చూశాడు. "రెండు వేళ్లతోని ఎంత నొక్కుతవో నొక్కు," అని తన మణికట్టు ఇచ్చాడు. నొక్కాను. కాసేపు ఆలోచించాడు.

"కేబుల్ పని కాదు. తీగె గుంజుడే బలంతోని పని. వంకలల్ల రాసుకుంట వస్తది గద, సగం బలం ఆడనే పోతది. తీగె పీకేద్దాం. కార్ల బ్రేకు లెక్క నూనెతోని చేద్దాం."

"నూనెతోని ఎట్ల?"

"లివరు కాడ ఒక చిన్న గిన్నె, కింద ఇంజను కాడ ఇంకోటి, నడుమ గొట్టం. ఇక్కడ నువ్వు నొక్కితే నూనె పొయ్యి అక్కడ క్లచ్చును గుంజుతది. సామాను కరీంనగర్ నుంచి తెప్పిస్త. అయితే ఇది కంపెనీ బండికి వచ్చింది కాదు. నేనే పట్టీలు కోసి, రంధ్రాలు వేసి కూసోబెట్టాలె. ఖరాబైతే నన్ను తిట్టొద్దు."

"ఖరాబైతే తిడ్త," అన్నాను.

వారం తర్వాత సామాను వచ్చింది. రాంచందర్ నన్ను ట్రాక్టరు మీద తీసుకుపోయాడు, బండిని ట్రాలీలో ఎక్కించి. దారంతా ఒకటే సణుగుడు. "గింత లొల్లి ఎందుకే? ఇంట్ల ఉండరాదు కొన్నొద్దులు?" అతని సణుగుడుకు నేను దున్నపోతు మీద వాన పడ్డట్టు కూర్చోవడం నేర్చుకుని చాలా ఏళ్లయింది.

పాత తీగ ఊడదీసి, కొత్త లివరు బిగించి, కింద పట్టీ వేసి, గొట్టం లాగేసరికి మధ్యాహ్నం దాటింది. అసలు పని అప్పుడు మొదలైంది. గొట్టంలో గాలి ఉంటే లివరు పత్తిమూట నొక్కినట్టు మెత్తగా పోతుంది, క్లచ్చు కదలదు. ఆ గాలంతా బయటికి పంపాలి. ఒకరు పైన లివరు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద మర విప్పి గాలి వదిలి మళ్లీ బిగించాలి.

"రాంచందరన్నా, నువ్వు నొక్కు," అన్నాడు హనుమండ్లు.

"నేనే నొక్కుత," అన్నాను.

"యాభైసార్లు నొక్కాలె, నీ చెయ్యి..."

"నా బండి, నా చెయ్యి. నీకేం నొస్తుంది?"

"నొక్కు." నొక్కాను. "పట్టుకో." పట్టుకున్నాను. కింద బుడగలు బుసబుసమన్నాయి. "వదులు." మళ్లీ "నొక్కు." ఇరవైసార్లకు చూపుడువేలు మంట పుట్టింది. నలభైసార్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రాంచందర్ రెండుసార్లు చెయ్యి చాపాడు. రెండుసార్లూ మోచేత్తో తోసేశాను. యాభై దాటాక ఎక్కడో తెలియదు, వేళ్ల కింద లివరు గట్టిపడింది. నొక్కితే ఎంత నొక్కానో అంత కింద కదిలింది.

హనుమండ్లు చేతులు తుడుచుకుని మా ఇద్దరికీ ఒకేసారి చెప్పాడు. "గీ గిన్నెల బ్రేకు ఆయిలే ఉండాలె. తగ్గితే నా కాడికి తీస్కరాండ్రి. ఇంట్ల ఏదుంటే అది పోసేరు, లోపట రబ్బర్లు ఖరాబైతయ్. యాదికుంచుకోండ్రి."

"ఉంచుకుంటం," అన్నాడు రాంచందర్.

ఆ సాయంత్రం వానలో బండి నేనే నడుపుకుంటూ వచ్చాను. రెండు వేళ్లు వేస్తే చాలు, క్లచ్చు వచ్చేస్తోంది. వెనక ట్రాక్టరు మీద రాంచందర్. వాకిట్లోకి వచ్చి ఆపినప్పుడు మామ అరుగు మీదే ఉన్నాడు. గోడను చూశాడు, నన్ను చూడలేదు. నేనూ అత్తమ్మతో, "చెప్పు అత్తమ్మా, బండి అమ్మేది లేదని," అని లోపలికి పోయాను. నూనె సంగతి మామకు చెప్పాలని నాకు తట్టలేదు. తట్టినా చెప్పేదాన్ని కాదేమో.

*

శ్రావణమంతా తిరిగాను. లచ్చయ్య ఇంటికి కూడా పోయాను. వాడి బర్రెను మూడుసార్లు విప్పించి మూడుసార్లు కట్టించి, అప్పుడు సూది వేశాను. ఊళ్లల్లో ఆడవాళ్లు నా క్లచ్చు నొక్కి చూసి నవ్వేవాళ్లు. నేను తెల్లారకముందే పోయి చీకటి పడ్డాక తడిసి వచ్చేదాన్ని. మామ గోడతో అనేవాడు, "జెరమొస్తే ఎవలు చేస్తరు." నేను అత్తమ్మతో అనేదాన్ని, "నా జెరం నేను చూసుకుంట అని చెప్పు."

శ్రావణం చివర పొలాల అమావాస్య వచ్చింది. మా దిక్కు అది ఎడ్ల పండుగ. ముందురోజు ఎడ్ల మెడలకు నూనె రాస్తారు, పండుగనాడు కడిగి, కొమ్ములకు రంగులేసి, దండలేసి, హనుమంతుడి గుడి చుట్టూ తిప్పి పోలెలు, అంటే బొబ్బట్లు, తినిపిస్తారు. మా ఇంట్లో ఎడ్లు లేవు. రెండేళ్ల కింద రాంచందర్ ట్రాక్టరు తెచ్చినప్పుడు మామ వాటిని అమ్మేశాడు. అమ్మిన ఏడాది పండుగనాడు ఆయన బయటికే రాలేదు. ముఖం మీద కండువా కప్పుకుని పడుకున్నాడు.

ఈసారి నేను పొద్దున్నుంచీ పోలెలు చేస్తూ పొయ్యి దగ్గరే ఉన్నాను. బయట రాంచందర్ ట్రాక్టరు కడిగే చప్పుడు వినిపించింది. పోలెల గంప పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి ట్రాక్టరు పక్కన నా బండి నిలబడి ఉంది. ట్యాంకుకు పసుపు, కుంకుమ. హ్యాండిలుకు బంతిపూల దండ. హెడ్‌లైటు మీద ఎడ్ల నొసటికి పెట్టినట్టే పెద్ద బొట్టు. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూసి, "నవతకు ఒంటెద్దు దొరికింది," అని నవ్వారు. రాంచందర్ కూడా నవ్వుతున్నాడు.

"ఏంది గిది? మజాకులా?" అన్నాను.

"పొలాలు గదనే. బండికి గూడ చేసినం," అన్నాడు ఇంకా నవ్వుతూనే.

నేను ఆషాఢం నుంచీ పడ్డదంతా వీళ్లకు నవ్వులాట అయింది అనుకున్నాను. దండ పుటుక్కున తెంపి పెంటకుప్ప మీదికి విసిరాను. బంతిపూలు వాకిలంతా రాలాయి. మామ ట్రాక్టరు వెనక చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. గోడతో కూడా అనలేదు.

*

పండుగ తెల్లవారి లివరు కొంచెం బిగుసుకున్నట్టు అనిపించింది. వాన తడికేమో అనుకున్నాను. నాలుగో రోజుకు నొక్కిన లివరు వెనక్కి రావడం మానేసింది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. మర్నాడే మొర్రిగూడ క్యాంపు. మళ్లీ ట్రాలీ, మళ్లీ ఆసిఫాబాద్, మళ్లీ హనుమండ్లు.

అతడు గిన్నె మూత విప్పాడు. వేలు ముంచి, రెండు వేళ్ల నడుమ రుద్ది, వాసన చూశాడు. ముఖం మాడ్చుకున్నాడు.

"ఎవలు వోసిన్రు గిది?"

"ఏంది?"

"ట్రాక్టర్ నూనె. ట్రాలీ లేపుతరు చూడు, గా నూనె." లోపలి రబ్బరు ఊడదీసి అరచేతిలో పెట్టాడు. నానబెట్టిన శనగలాగ ఉబ్బి ఉంది. "గింత చెప్పినంక గూడ పోస్తిరి. కొత్త రబ్బర్లు రావాలె. మూడొద్దులు పడ్తది."

నేను రాంచందర్ వైపు తిరిగాను. ట్రాక్టరు ఎవరిది? నూనె డబ్బా ఎవరిది? పండుగనాడు బండి కడిగింది ఎవరు? గిన్నెలో ఏదీ పోయొద్దని విన్నది ఎవరు? బండి అమ్ముదామని బేరం పెట్టింది ఎవరు? ఇంకేం కావాలి నాకు?

"నువ్వే వోసినవ్," అన్నాను.

"నేను పొయ్యలే."

"ట్రాక్టర్ నూనె నీ కాడ గాక ఎవల కాడుంటది?"

"నేను పొయ్యలేనే. ఒట్టు."

దుకాణం ముందు అయిదారుగురు కూర్చుని ఉన్నారు. టీ కొట్టు దగ్గర ఇంకో నలుగురు. నా గొంతు వాళ్లందరికీ వినపడింది. వినపడాలనే అరిచాను.

"నా చెయ్యి పడిపోతే నీకు సంబురమైంది. పెండ్లాం ఇంట్ల కూసుంటదని. నేను రెండు వేళ్లతోని మల్ల లేస్తే కండ్లు మండినయ్ నీకు. మొగోనివైతే ముఖం మీద చెప్పు నువ్వు పనికి పోవద్దని. దొంగతనంగ నూనె పోసుడేంది?"

ఎవరో దగ్గారు. రాంచందర్ ముఖం నల్లబడింది. పోయి ట్రాక్టరు స్టార్టు చేశాడు. "కాగజ్‌నగర్ దిక్కు మొరం మట్టి తోలే పనున్నది. రెండ్రోజులు రాను," అని హనుమండ్లుకు చెప్పి పోయాడు. నాకు చెప్పలేదు.

హనుమండ్లు పాత తీగ మళ్లీ వేసి ఇచ్చాడు. "తీగెతోనన్న బండి కదులుతదని వేసిన. మీ ఆయన పాయె. నువ్వెట్ల నడుపుతవ్ గిప్పుడు?"

"నడుపుత," అన్నాను. నోరు ఊరికే ఉండదు కదా.

అతడే క్లచ్చు పట్టి గేరు వేసి కదిలించి ఇచ్చాడు. తర్వాత క్లచ్చు లేకుండానే గేర్లు మారుస్తూ ఎక్కడా ఆపకుండా పోయాను. మా ఊరి వాగు దగ్గర మేకల మంద అడ్డం వచ్చింది. కుడిచెయ్యి తెచ్చి క్లచ్చు పట్టబోయాను. బండి ఎగిరి ఆగింది, నేను బురదలో పడ్డాను. మేకలు కాసేవాళ్లు ఇద్దరు లేపి, బండిని ఇంటిదాకా తోసుకొచ్చారు. తల నుంచి కాలిదాకా రేగడి బురద. అత్తమ్మ నీళ్లు కాగబెట్టి పోస్తుంటే జరిగిందంతా చెప్పాను, చెప్తూ రాంచందర్‌ను ఇంకా నాలుగు తిట్టాను. ఫోను చేస్తే అతడు ఎత్తలేదు. పొద్దున క్యాంపుకు పోవడానికి నాకు దారి లేదు. అటు బస్సు లేదు, ఆటోలు వాగు దాటవు, టీకాల డబ్బా నా ఇంట్లో ఐసులో ఉంది. తొమ్మిది ఊళ్లు పోయినట్టే. నేను ఏడవలేదు, నాకు ఏడుపుకంటే కోపమే ఎక్కువ వస్తుంది.

*

తెల్లవారుజామున లేచి వాకిట్లోకి వచ్చాను. మామ బండి పక్కన నిలబడి ఉన్నాడు. అత్తమ్మ గడపలో ఉంది. ఆయన గోడవైపు తిరగలేదు. నావైపే తిరిగాడు.

"బిడ్డా, నూనె నేనే వోసిన."

పదకొండేళ్లలో ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

"మీ అత్త రాత్రి చెప్తే తెలిసింది గది ఖరాబు నూనె అని. ఆమెతోని చెప్పిపిద్దామనుకున్న. గిది గట్ల చెప్పే మాట కాదు."

"ఎందుకు వోసినవ్?" అన్నాను. నేను కూడా నేరుగానే అన్నాను.

"ఎడ్లున్నప్పుడు పండుగకు మెడలకు నూనె రాద్దును. ఏడాదంత కాడి మోసిన మెడ గదా. గిప్పుడు ఇంట్ల కాడి మోసేది గీ బండే. వానల పోతున్నవ్, వానల వస్తున్నవ్. చూస్తలేనా నేను? పూజ చేద్దామని పోతే గా చిన్న గిన్నెల నూనె తగ్గినట్టు కండ్లవడ్డది. నూనె తక్కువుంటే మంచిది కాదని, ట్రాక్టర్ ది కొత్త డబ్బ ఇప్పి వోసిన. పాతది గూడ పొయ్యలే. దండ గూడ నేనే వేసిన."

దండ సంగతి వినగానే పెంటకుప్ప వైపు చూశాను. అయినా ఆగలేదు. ఆగితే నవతను ఎట్లా అవుతాను.

"నోరు లేదా నీకు? గోడకు వంద మాటలు చెప్తవ్, నాకు ఒక్క మాట చెప్పరాదా? నూనె పోస్తున్న బిడ్డా అంటే వద్దు మామా అందును గదా. నీ కొడుకును పదిమంది ముందట దొంగను చేసిన. మొగోనివేనా అన్న. ఇప్పుడు నా ఊర్లు పాయె, నా మొగుడు పాయె. పూజ చేసినవట, పూజ. నీ పూజల మన్నువడ."

అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామను అంత మాట అన్న కోడలు మా ఊళ్లో లేదు. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. నేను ఆగాక అడిగాడు.

"ఏడింటికి పోవాలె గదా?"

"ఎట్ల పోవాలె? నీకు బండి తోలొస్తదా?"

"రాదు. నువ్వు తోలు. గా లివరేదో నేను గుంజుత."

అంటే ఆయన నా వెనక కూర్చోవాలి. చెయ్యి చాపి నా చేతి పక్కన పెట్టాలి. అట్లా ఊరి నడుమ నుంచి పోవాలి. నేను ఆయన ఎదురుగా మంచం మీద కూడా ఎన్నడూ కూర్చోలేదు.

"ఊరు నవ్వుతది," అంది అత్తమ్మ.

"నవ్వనియ్యి," అన్నాడు మామ. భుజం మీది కండువా తీసి నాలుగు మడతలు వేశాడు. టీకాల డబ్బా పట్టీ కుడి భుజానికి తగిలించుకున్నాడు. నేను ఎక్కాక వెనక కూర్చుని, ఆ మడతల కండువాను మా ఇద్దరి నడుమ పెట్టి, ఎడమ చెయ్యి పొడుగ్గా చాపాడు. ఎద్దులు తోలిన చెయ్యి, లివరుకు నాలుగు వేళ్లూ చుట్టుకున్నాయి.

"పట్టు అంటే పట్టాలె. వదులు అంటే మెల్లగ వదలాలె," అన్నాను.

"సరే."

"పట్టు." గేరు వేశాను. "వదులు." బండి కప్పలా ఎగిరి ఆగిపోయింది.

"మెల్లగంటే మెల్లగ మామా. గంత ఒక్కసారి ఇడుస్తరా?"

రెండోసారీ ఆగింది. మూడోసారి కదిలింది. వాకిలి దాటాం. పాల కేంద్రం దగ్గర పదిమంది ఉన్నారు. లచ్చయ్య క్యాను కింద పెట్టి నోరు తెరిచి చూశాడు. "ఏందే అంతన్నా, కోడలి ఎన్క సవారీ?" అని అరిచాడు. మామ ముందుకే చూస్తూ, "గేరు మారుస్తవా బిడ్డా?" అని అడిగాడు, లచ్చయ్యకు వినపడేంత గట్టిగా. "పట్టు," అన్నాను నేను కూడా అంత గట్టిగానే.

మొదటి వాగు దగ్గర నేను చెప్పకముందే పట్టాడు. తిట్టాను. రెండో వాగు నడుమలో నేను చెప్పడం మర్చిపోయాను, ఇంజను చప్పుడు విని ఆయనే పట్టాడు. ఈసారి తిట్టలేదు. బురదలో రెండుసార్లు దిగి తోశాడు, మళ్లీ కండువా సర్దుకుని ఎక్కాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. రొప్పుతున్నాడు. దారిలో ఇంకేమీ మాట్లాడుకోలేదు, పట్టు, వదులు తప్ప.

మొర్రిగూడ చేరేసరికి ఏడు దాటి పది నిమిషాలైంది. బడి ముందు యాభై అరవై పశువులు, జీపు పక్కన సంతోష్‌రావు సారు. మమ్మల్ని చూసి గడియారం చూసుకున్నాడు. బురద చూశాడు. నా వెనక ముసలాయన్ని చూశాడు.

"ఏందమ్మా నవతా, నీతోని కాక డ్రైవర్ను తెచ్చుకున్నవా?"

నేను నోరు తెరిచేలోపే మామ దిగి, టీకాల డబ్బా జీపు బానెట్ మీద పెట్టి, సారుకు దండం పెట్టాడు.

"డ్రైవర్ ఆమెనే సారు," అన్నాడు. "నేను క్లచ్చును."

సారు నవ్వలేదు. నా చెయ్యి వైపు ఒకసారి, మామ చెయ్యి వైపు ఒకసారి చూశాడు. "క్లచ్చు దినాం వస్తదా?" అని అడిగాడు.

"ఎల్లుండిదాకా నేనొస్త. తర్వాత మంచిదొస్తది," అన్నాడు మామ.

సారు డబ్బా మూత తెరిచి ఐసు చూసి, సూదుల పెట్టె నా చేతికిచ్చాడు. "నిలబడ్డవేంది? ఎండెక్కుతుంది, మొదలువెట్టు," అన్నాడు. తొమ్మిది ఊళ్ల మాట మళ్లీ ఎత్తలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

ఇరవై పశువులకు సూదులు వేశాక చేతులు కడుక్కుని బడి వెనక్కి పోయి రాంచందర్‌కు ఫోను చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. ట్రాక్టరు చప్పుడు వినపడుతోంది.

"ఏంది?"

"నూనె నువ్వు పొయ్యలే. బాపు వోసిండు, తెల్వక. నేను నిన్ను తప్పన్న."

ట్రాక్టరు చప్పుడు ఆగింది.

"పదిమంది ముందటన్నవ్," అన్నాడు.

"అన్న. హనుమండ్ల దుకాణం కాడనే, మల్ల పదిమంది ముందట చెప్త, నాదే తప్పని."

"ఎప్పుడు?"

"ఎల్లుండి. రబ్బర్లు వచ్చిన్నాడు."

"ఎన్నిగంటలకు?"

"పదింటికి. టీ కొట్టు కాడ మంది ఉంటరు గప్పుడు."

"వస్త," అని పెట్టేశాడు.